అవతలి కొస పట్టుకోండి

అవతలి కొస పట్టుకోండి. గట్టిగా లాగొద్దు, టేపు పాతది. గోడ బయటి అంచు నుంచి బయటి అంచు దాకా. ఎంతుంది? ఇరవై అడుగులు. ఇప్పుడు వాకిలి నుంచి వెనక గోడ దాకా. పదహారు. కాగితం మీద రాసుకోండి: ఇరవై పదహార్లు 320 చదరపు అడుగులు. ఇటుక గోడలు, పైన సిమెంటు రేకులు, కింద ఎర్రమట్టి అలుకు.

పొద్దున ఆరున్నర. భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారి విడిచి లోపలికొచ్చిన ఊరు. పేరు చెప్పను. ఎడమ చేతి వైపు గోదావరి, కుడి చేతి వైపు అడవి. ఏప్రిల్ నెల. వాకిట్లో చాప మీద ఇప్పపువ్వు ఎండుతోంది, ఆ తీపి వాసన గాలి తిరిగినప్పుడల్లా ముఖానికి తగులుతోంది. ఇంకొన్నాళ్లకు తునికాకు కోతకు ఊరు ఊరంతా అడవిలో ఉంటుంది. కాగితాల పని ఏదున్నా ఈలోపే కావాలి.

"ఇగ ఇది కూడా కొలువు బిడ్డా" అంటోంది పెద్దమ్మ. ఇల్లు ఆమెదే. కోయ కుటుంబం. ఆమె కొడుకు, నేను కలిసి చదువుకున్నాం. ఆమె చూపిస్తున్న చోట గోడల్లేవు. మోకాలెత్తు మట్టి దిబ్బ, దాని మీద గడ్డి, ఒక మూల సగం కాలిపోయినట్టు నల్లబడిన నిట్టాడు. ఒకప్పుడు అక్కడ రెండు గదులుండేవి. టేపు వేస్తే ఇరవై ఇంటూ పది. దాని వెనక పశువుల కొట్టం, నాలుగు గుంజల మీద తాటాకు. అదీ ఇరవై ఇంటూ పదే.

ఇప్పుడు ఆ మూడు లెక్కలూ కలపండి. 320, 200, 200. మొత్తం 720. పెద్దమ్మ చేతిలో ఉన్న ఇంటిపన్ను నోటీసులో సరిగ్గా అదే అంకె ఉంది. కప్పు రకం దగ్గర "ఆర్‌సీసీ" అని రాసి ఉంది. పడిపోయిన గదులు, ఎడ్లు పడుకునే కొట్టం, లేని స్లాబు, అన్నీ కలిసి పన్ను నిరుటికి రెట్టింపు దాటింది.

గదులు ఎట్లా పోయాయో ముందు గది గోడ చెబుతుంది. కిటికీ పైన అరచేతి వెడల్పున గోధుమరంగు చార ఉంది చూడండి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. ఇటుక గోడ నిలబడింది. మట్టి గోడలు నాని, రెండో రోజు రాత్రి కూర్చున్నట్టు కూర్చున్నాయి.

"మరి తప్పు రాశారని అడగొచ్చుగా పెద్దమ్మా?"

ఆమె వెంటనే జవాబివ్వదు. లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరుస్తుంది. పాలిథిన్ కవరులోంచి ఒక కట్ట తీస్తుంది. పన్ను రశీదులు. కొన్నిటి మీద సిరా ఆనవాలే మిగిలింది. వరదప్పుడు ముందుగా ఈ కట్టనే నెత్తిన పెట్టుకుని బయటపడింది.

"అడిగితే రశీదు ఆపితే ఎట్ల బిడ్డా? ఇల్లు నాదనేటందుకు ఇదే గద ఉన్నది."

ఇక్కడ ఆగి ఈ మాట వినాలి. ఈ ప్రాంతపు ఇంటిపన్ను కథంతా ఈ భయంలోనే ఉంది. ఇది ఏజెన్సీ. 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్, అందరూ 1/70 అనే చట్టం, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా కట్టిన గట్టు. ఆ రక్షణ ఉన్నా, ఊళ్లోని చాలా ఇళ్లకు పట్టా లేదు, రిజిస్ట్రేషన్ కాగితం లేదు. కరెంటు మీటరుకు అర్జీ పెట్టాలన్నా, ఇల్లుందని ఎక్కడ చూపాలన్నా పంచాయతీ రశీదే దిక్కు. నిజానికి పన్ను రశీదు హక్కు పత్రం కాదు. అయినా మరో కాగితం లేని మనిషికి అదే ప్రాణం. అందుకే తప్పు కొలతకు కూడా నోరెత్తకుండా డబ్బు కట్టేస్తారు.

పదండి, పంచాయతీ ఆఫీసు తెరిచే వేళయింది. దారి పొడవునా టేకాకులు కాళ్ల కింద పెళపెళమంటున్నాయి. ఈ నేలకు పన్నుతో ఉన్న పరిచయం ఇవాళ్టిది కాదు. భద్రాద్రి గుడి కట్టించిన కంచర్ల గోపన్న ఈ పాల్వంచ పరగణాకు తహసీల్దారు, శిస్తు వసూలు చేసే అధికారి. ఆ శిస్తు సొమ్ము లెక్క దగ్గరే గోల్కొండ చెరసాల పాలయ్యాడు. కల్లు మీద వేసిన చిగురు పన్ను 1879లో రంప కొండల్లో తిరుగుబాటు రేపితే, ఆ మంట భద్రాచలం తాలూకా దాకా పాకింది. మన చేతిలో ఉన్నది ఒక చిన్న ఇంటి లెక్క. దాన్ని సరిచేయడానికి ఒక తెల్లకాగితం చాలు.

నేనుండేది ఖమ్మంలో. అక్కడ నగరపాలక సంస్థ, అక్కడి లెక్క వేరు. ఇల్లు ఉన్న ప్రాంతం, కట్టడం రకం, విస్తీర్ణం, వయసు, వాడకం చూసి ఏడాదికి ఎంత అద్దె రావచ్చో అంచనా కట్టి దాని మీద పన్ను వేస్తారు. 2019 మున్సిపల్ చట్టం వచ్చాక యజమానే తన ఇంటి కొలత తాను ప్రకటించాలి. తప్పు చెబితే పన్నుకు 25 రెట్లు జరిమానా. 75 చదరపు గజాల్లోపు స్థలంలో కట్టుకున్న చిన్న ఇంటికైతే ఏడాదికి 100 రూపాయలే. తక్కువ చెబితే అంత శిక్ష ఉన్నప్పుడు, ఎక్కువ రాస్తే దిద్దమని అడిగే హక్కు కూడా అంతే గట్టిది. పట్నంలో అది హక్కయితే అడవి అంచున ఎందుకు కాకూడదు?

ఆఫీసు ఒకటే గది. కార్యదర్శి కుర్రవాడు, ఇంకా ముప్పై దాటి ఉండడు. పెద్దమ్మ గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కార్యదర్శి రిజిస్టరు తీసి ఆమె ఇంటి నంబరు దగ్గర వేలు పెట్టాడు.

"వెనక గదులు పడిపోయినట్టు ఇక్కడ ఎవరూ రాసివ్వలేదమ్మా. పాత కొలత అట్లనే ఉంది, దాని మీద కొట్టం కలిసింది."

"గోదారి వచ్చిందని కూడ మేమే రాసియ్యాల్నా సారూ?"

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. అతను తల దించుకున్నాడు. కాసేపటికి తనే ఒక తెల్లకాగితం తీసి మా ముందుకు జరిపాడు. "రాయండి. కొలతలు వేసుకొచ్చారు గదా, అవీ రాయండి."

రాస్తున్నాను, చూడండి. పైన ఇంటి నంబరు, నోటీసు తేదీ. తర్వాత ఒక్కొక్క తప్పూ విడివిడిగా: ఒకటి, కప్పు ఆర్‌సీసీ కాదు, సిమెంటు రేకులు. రెండు, వెనక రెండు గదులు 2022 వరదలో కూలాయి, ఇప్పుడు లేవు. మూడు, కొట్టం మనుషులుండే ఇల్లు కాదు. నివాసం ఉన్నది 320 చదరపు అడుగులే. కింద ఇంటి గీత, మూడు భాగాలు, మూడు కొలతలు. జతగా ఫోన్‌లో తీసి అచ్చు వేయించిన దిబ్బ ఫొటో, నిరుటి దాకా బాకీ లేదని రశీదుల నకళ్లు. పక్కింటివాళ్లిద్దరి సాక్షి సంతకాలు పొద్దున్నే కొలతల కాగితం మీద తీసుకున్నాం. చివర పెద్దమ్మ వేలిముద్ర. సిరా అంటిన బొటనవేలిని ఆమె కొంగుకు తుడుచుకోలేదు, ఆరేదాకా గాలిలోనే పట్టుకుంది.

"నకలు మీద అందినట్టు రాసివ్వండి సారూ." ఈ మాట ఆమే అంది. దారిలో నేర్పించాను, మరిచిపోలేదు.

తేదీ, సంతకం, ముద్ర. గురువారం కారోబారును వెంటబెట్టుకుని వచ్చి మళ్లీ కొలుస్తానన్నాడు కార్యదర్శి. కొలిచి దిద్దితే మంచిదే. దిద్దకపోతే పైన మండలంలో ఎంపీడీవో ఉన్నారు, జిల్లా పంచాయతీ అధికారి ఉన్నారు, సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి ఉంది, భద్రాచలం ఐటీడీఏలో గిరిజన దర్బారు ఉంది. ఆ ముద్ర ఉన్న నకలు చేతిలో ఉంటే ఏ గడపైనా ఎక్కొచ్చు. పెద్దమ్మ దాన్ని రశీదుల కట్టలోనే, అన్నిటికంటే పైన పెట్టింది.

పన్ను కట్టడం మన ధర్మం. ఊరి వీధిదీపం, మోరీ, మంచినీళ్ల ట్యాంకు దాంతోనే నడుస్తాయి. కానీ లేని గోడకు పన్ను కట్టడం ధర్మం కాదు. మీ నోటీసు ఈ సాయంత్రమే తీసి చూడండి. కొలత, కప్పు, వాడకం, ఈ మూడూ మీ ఇంటితో సరిపోల్చండి. తేడా ఉంటే నోటీసులో ఇచ్చిన గడువు దాటకముందే రాసివ్వండి. రాయడం రానివాళ్లు మీ పక్కింట్లో ఉంటే, టేపు అవతలి కొస మీరు పట్టుకోండి. అందినట్టు సంతకం చేసిన నకలు చేతికి రాకుండా మాత్రం ఆఫీసు గుమ్మం దిగకండి.