ఆరు పాయింట్ల వెనక నలభై మూడేళ్లు

పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లిన మల్కాపురం పెద్దలను అక్కడి ఫుట్‌బాల్‌లో మొదట తికమక పెట్టేది స్కోరే. కబడ్డీ లెక్క మనకు చిన్నప్పుడే ఒంటబట్టింది: ఒకణ్ణి తాకి వస్తే ఒకటి, ఎదుటి జట్టంతా అవుటైతే అదనంగా రెండు. అక్కడ మాత్రం బంతితో అవతలి గీత దాటితే 6, ఆ తర్వాత గోల్ స్తంభాల మధ్యకు తన్నితే మరో 1, గీత దాటకుండానే మైదానంలోంచి అలా తన్నితే 3, బంతి ఉన్నవాణ్ణి వాడి సొంత గీత వెనకే పడగొడితే 2. ఈ అంకెలు ఎవరో ఒక్క పూట కూర్చుని రాసినవి కావు. కాలికీ చేతికీ మధ్య ఏళ్ల తరబడి నడిచిన తగవులోంచి వచ్చాయి.

1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్‌స్టన్ కాలేజీలు తలపడ్డాయి. జట్టుకు 25 మంది. బంతిని పట్టుకుని పరిగెత్తకూడదు. గోలుకు ఒకటి చొప్పున లెక్కేసి రట్గర్స్ 6–4తో గెలిచింది. 1874లో కెనడా నుంచి మెక్‌గిల్ యూనివర్సిటీ జట్టు హార్వర్డ్‌కి వచ్చి రగ్బీ పద్ధతి చూపించింది. బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తడం హార్వర్డ్ కుర్రాళ్లకు తెగ నచ్చింది.

అయినా పెత్తనం కాలిదే. రగ్బీలో అప్పట్లో గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే, అంటే టచ్‌డౌన్ చేస్తే, దక్కేది గోలు తన్నే అవకాశం మాత్రమే. 1876లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కాలేజీల ప్రతినిధులు కలిసి, నాలుగు టచ్‌డౌన్లు ఒక గోలుకు సమానమని తేల్చారు. రెండు జట్లూ సరిసమానమైతే టచ్‌డౌన్ మీద తన్నిన గోలుదే పైచేయి అన్నారు.

ఆ తర్వాత కథ నడిపింది యేల్ కాలేజీ ఆటగాడు వాల్టర్ క్యాంప్. జట్టుకు 11 మంది, మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు సాగకపోతే బంతి వదులుకోవాలన్న నియమం ఆయన చలవే. 1883లో అంకెలూ వచ్చాయి: మైదానంలోంచే తన్నే ఫీల్డ్ గోల్‌కి 5, టచ్‌డౌన్ మీద తన్నిన గోలుకు 4, టచ్‌డౌన్‌కి 2, సేఫ్టీకి 1. ఈ సేఫ్టీ అసలు తప్పించుకునే ఎత్తు. ఇరుకున పడ్డ జట్టు తన గీత వెనకే బంతిని నేలకు ఆనించి ఊపిరి పీల్చుకునేది. దానికి ధర కట్టాకే ఆ పిరికి ఆట తగ్గింది. నా దృష్టిలో పాయింట్ల అసలు పని ఇదే: ఆడే తీరును మార్చడం. విశాఖ రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియంలో ప్రొ కబడ్డీ చూసినవారికి సూపర్ టాకిల్ తెలుసు. ముగ్గురో, అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు రైడర్‌ని పడితే రెండు పాయింట్లు. ఆ ఆశ చూపబట్టే ఓడిపోతున్న జట్టు కూడా తెగించి దూకుతుంది.

అంకెలు అక్కడ ఆగలేదు. టచ్‌డౌన్ 4 అయింది, తర్వాత 5 అయింది. దాని మీది కిక్ 4 నుంచి 2కి, 2 నుంచి 1కి పడిపోయింది. 1905లో మైదానంలో కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకోవడంతో దేశం కలవరపడింది; మరుసటి ఏడు నియమాలు మార్చి, బంతిని ముందుకు విసరడానికి అనుమతించారు. ఫీల్డ్ గోల్ 1904లో 4కి, 1909లో 3కి దిగింది. 1912లో టచ్‌డౌన్ 6 దగ్గర స్థిరపడింది. చెయ్యి గెలిచింది.

ఒకనాడు ఆటకు ప్రాణమైన ఆ కిక్ చివరికి ఒక్క పాయింటుగా మిగిలింది. అదీ దాదాపు గురి తప్పని కిక్ అయిపోవడంతో 2015లో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ దాన్ని వెనక్కి జరిపి 33 గజాల దూరం చేసింది. కిక్ వద్దనుకుని మళ్లీ గీత దాటితే 2 ఇచ్చే పద్ధతి కాలేజీల్లో 1958లో, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994లో వచ్చింది.

మన దేశంలో ఈ ఆటకు 2011లో ప్రకటించిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్‌లో హైదరాబాద్ స్కైకింగ్స్ జట్టూ ఉండేది. ఆ లీగ్ నిలదొక్కుకోలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మాత్రం ఫిబ్రవరిలో ఒక సోమవారం తెల్లవారుజామున మనకూ కనబడుతుంది. స్కోరు ఒక్కసారిగా 6 పెరిగితే లేచి వెళ్లకండి, ఆ వెంటనే వచ్చే కిక్‌ని కూడా చూడండి.