నర్సమ్మ పైచదువు

అమెరికాలో ఉంటున్న మా మిత్రుని కుమార్తె ఆమధ్య ఒక ప్రశ్న పంపింది. "మావయ్యా, నర్స్ ప్రాక్టీషనర్ అనే మాటను తెలుగులో ఏమనాలి?" ఆ అమ్మాయి సికింద్రాబాదులో బి.యెస్సీ. నర్సింగు చదివి, కొన్నేళ్ళు పనిచేసి, పరీక్షలు వ్రాసి ఆ దేశం వెళ్ళింది. అక్కడ ఇప్పుడు మాస్టర్స్ చదువుతోంది. అది పూర్తయితే రోగిని తానే పరీక్షించవచ్చు, రోగమేదో నిర్ణయించవచ్చు, మందు వ్రాయవచ్చు. ఊళ్ళో నాయనమ్మకు ఫోనులో ఆ మాట చెప్పబోతే, "అయితే డాక్టరు చదువుతున్నావన్నమాట" అని ఆవిడ సంబరపడిందట. కాదని చెప్పడానికి మాట దొరకలేదు, పాపం.

మాటల వేట మనవాళ్ళకు కొత్త కాదు గదా. నేనూ కూర్చున్నాను. పరిచారిక అంటే ఒకరి చేతికింద సేవ చేసేది. దాది అంటే పాలిచ్చి పెంచేది. ఉపచారిక అన్నా అదే వరస. మనకున్న పాతమాటలలో మంత్రసానికి ఒక్కదానికే స్వతంత్రమున్నది. ఆమె ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడకుండా పురుడు పోసేది. మిగిలిన మాటలన్నింటిలోనూ ఒకరు చెప్పడం, మరొకరు చేయడం అనే ఏర్పాటు దాగి ఉంది. తెలుగు మాట ఎందుకు లేదో వెదకబోతే, ఆ మనిషే మన మధ్య ఇంతకాలం ఎందుకు లేదన్న ప్రశ్న తగిలింది. ఈ వ్యాసం దాని కోసమే.

ముందు ఆ చదువు ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి దీనిని మొదలుపెట్టారు. డాక్టర్లు అందని పల్లెలలో పసిపిల్లలను చూడడానికి, అప్పటికే చదువూ అనుభవమూ ఉన్న నర్సులకు మరికొంత శిక్షణ ఇచ్చారు. వైద్యులు అడ్డుపడి ఉంటారని మనం అనుకుంటాం. కొందరు అడ్డుపడ్డారు కూడాను. అంతకంటె గట్టిగా ఎదిరించినవారు నర్సింగు ఆచార్యులే! మన విద్యను తీసుకుపోయి వైద్యుల పాదాల దగ్గర పెడుతున్నావని ఫోర్డ్‌ను నిందించారు. ఆవిడ నూటనాలుగేళ్ళు బ్రతికి 2025 జనవరిలో కన్నుమూసింది. అప్పటికి ఆ దేశంలో నర్స్ ప్రాక్టీషనర్లు లక్షల సంఖ్యలో ఉన్నారు. సగానికి పైగా రాష్ట్రాలలో వారు డాక్టరు పర్యవేక్షణ లేకుండానే వైద్యం చేయవచ్చు. ప్రయోగంగా మొదలైన చదువు క్రమేణా మాస్టర్స్ పట్టా అయింది, ఇప్పుడు డాక్టరేటు దాకా పాకుతోంది.

ఇక మన లష్కరుకు వద్దాం.

సికింద్రాబాదు దండు పుట్టి పెరిగిన ఊరు. 1863లో భారతదేశంలోని సైన్యపు ఆరోగ్యంపై రాయల్ కమిషన్ నివేదిక వెలువడింది. ఇక్కడి బ్రిటిష్ సిపాయిలు ఏడాదికి వెయ్యికి 69 మంది చొప్పున చనిపోతున్నారని అందులో తేల్చారు. వారిలో యుద్ధంలో చనిపోయేవారు కొద్దిమందే, మురికినీరు, ఇరుకు బారకాసులు తీసుకుపోయేవారే ఎక్కువ. ఆ లెక్కల వెనుక కూర్చున్నది ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె ఎన్నడూ మన దేశంలో అడుగుపెట్టలేదు. మంచం మీద నుంచే దండు దండుకూ ప్రశ్నలు పంపించి జవాబులు రాబట్టింది. చెడ్డపేరు మూటగట్టుకున్న దండులలో మన సికింద్రాబాదూ ఒకటి. నర్సుల కులగురువుగా ఆమెను దీపం పట్టిన దేవతగానే మనం పూజిస్తాం గాని, ఆమె అసలు ఆయుధం గణాంకాలు. నర్సు తానుగా చూసి, లెక్కగట్టి, నిర్ణయం చెప్పగలదన్నది ఆ విద్యకు పునాదిలోనే ఉంది. తరువాతివారు దీపాన్ని ఉంచుకొని లెక్కల పుస్తకం దాచేశారని నా అభిప్రాయం.

1888లో సైన్యానికి నర్సింగు సేవ మొదలై ఇంగ్లండు నుంచి నర్సులు వచ్చారు. 1943 నుంచి సైనిక నర్సులకు కమిషన్డ్ ఆఫీసరు హోదా ఉంది. తిరుమలగిరి పక్క మిలిటరీ ఆసుపత్రిలో నర్సు భుజం మీద నక్షత్రాలు ఉంటాయి, జవాన్లు సెల్యూట్ చేస్తారు. గేటు దాటి ఊళ్ళోకి వస్తే అదే పని చేసే మనిషి "ఓ సిస్టరూ, ఇటు రా" అనిపించుకుంటుంది.

ఊళ్ళోని పెద్దాసుపత్రి గాంధీ. 1851లో స్టేషను సమీపాన చిన్న వైద్యశాలగా మొదలై, ఎడ్వర్డు రాజు పేరు మోసి, 1958లో గాంధీ పేరు పెట్టుకున్నది. 2003లో ముషీరాబాదు జైలు ఉన్న స్థలానికి తరలింది. పాతవారు ఇప్పటికీ స్టేషను దగ్గరి స్థలాన్ని పాతగాంధీ అనే అంటారు. డాక్టర్ల పేర్లు అక్కడి శిలాఫలకాల మీద చూడవచ్చు. తరతరాల నర్సుల పేర్లు డ్యూటీ రిజిస్టర్లతో పాటే చెదలకు పోయి ఉంటాయి.

చేతికీ పట్టాకూ మధ్య ఉన్న ఎడం మన ఊళ్ళకు కొత్త కాదు. జంటనగరంలో 1880ల చివర ఎడ్వర్డ్ లారీ క్లోరోఫారం మీద రెండు కమిషన్లు నడిపించాడు. ఆయన దగ్గర రోగులకు మత్తు ఇచ్చినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి హకీము అనిపించుకున్న స్త్రీ. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు వైద్యులలో ఆమెను లెక్కిస్తున్నారిప్పుడు. మరింత చదువు కోసం ఎడింబరో వెళ్ళింది మాత్రం 1909లో. అంటే చేయి ముందు పని నేర్చుకుంది, పట్టా ఇరవై ఏళ్ళ తరువాత దాని వెంట పరుగెత్తింది.

ఇక్కడ మన పెద్దలకు బాగా తెలిసిన ఒక మనిషిని గుర్తు చేయాలి. ఎల్.ఎం.పి. డాక్టరు. పాత నవలలలో, కథలలో సైకిలు మీద నల్లపెట్టెతో వచ్చేవాడు ఆయనే. డిగ్రీకి తక్కువ, కాంపౌండరుకు ఎక్కువ. 1946లో భోర్ కమిటీ తన నివేదికలో ఈ మధ్యమెట్టు వద్దన్నది. దేశానికి ఒకే రకం వైద్యుడు చాలు, ఆయన పూర్తి డిగ్రీవాడు కావాలన్నది. సభ్యులలో ఆరుగురు ఒప్పుకోలేదు. పల్లెలకు ఎవరు పోతారని అసమ్మతి వ్రాశారు. వారి మాట చెల్లలేదు. ఆ నివేదికలోనే మరో లెక్క ఉంది: అప్పుడు దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు. పాతికేళ్ళలో రెండు వేల మందికి ఒక డాక్టరు, మూడు వందల మందికి ఒక నర్సు కావాలన్నారు. గమనించండి, వారి కలలో నర్సులు డాక్టర్ల కంటె ఆరేడు రెట్లు ఎక్కువ! ఎల్.ఎం.పి.ని తీసివేయడం మాత్రం వెంటనే జరిగింది. నర్సులను పెంచడం జరగలేదు. ఖాళీ అయిన మెట్టు మీద ఎవరు కూర్చున్నారో తెలుగు పల్లెలో పుట్టిన ప్రతివారికీ తెలుసు: ఆర్.ఎం.పి. గారు. ఆయనను నేను తిట్టను. అర్ధరాత్రి తలుపు తడితే లేచేది ఆయనొక్కడే. కాని మూడున్నరేళ్ళో నాలుగేళ్ళో శరీరశాస్త్రం చదివి, రోజూ రోగుల మధ్య తిరిగిన నర్సుకు లేని చొరవ ఆయనకు ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్ను వదలదు.

నర్సు పైచదువు సంగతి ఇది. 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ మన దేశపు తొలి బి.యెస్సీ. నర్సింగు మొదలైంది. మరుసటి ఏడు భారత నర్సింగు మండలి చట్టం. 1959లో ఢిల్లీలో మాస్టర్స్. తెలుగునాట 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలో ఏర్పడ్డాక, రాష్ట్రం విడిపోయి వరంగల్లులో కాళోజీ పేరిట మరొకటి వచ్చాక, ఎం.యెస్సీ. నర్సింగు అందుబాటులోకి వచ్చింది. బాగానే ఉంది. అయితే ఈ నిచ్చెనలో ఒక తిరకాసు ఉంది. ప్రతి మెట్టూ నర్సును రోగి మంచానికి దూరంగా తీసుకుపోతుంది. ఎం.యెస్సీ. అయితే కళాశాలలో పాఠం చెప్పాలి, లేదా పైఅధికారిగా కాగితాలు చూడాలి. ఎక్కువ చదివినవారు రోగిని తక్కువ తాకే వృత్తి ప్రపంచంలో ఇదొక్కటేనేమో. డాక్టరు ఎం.డి. చదివితే రోగికి ఇంకా దగ్గరవుతాడు గదా!

కొన్నేళ్ళ క్రితం మా అమ్మ సికింద్రాబాదులో ఒక ఆసుపత్రి ఐ.సి.యు.లో పదకొండు రాత్రులు ఉంది. రాత్రి డ్యూటీ నర్సు మలయాళీ అమ్మాయి. తెలుగు వచ్చీరాని తీపితో మాట్లాడేది. రెండో రాత్రి అద్దం బయట నుంచి చూస్తున్నాను. ఆమె ఒక పక్క అమ్మ ఊపిరి లెక్కపెడుతూ, ఒక పక్క ఫోనులో డ్యూటీ డాక్టరుకు చెబుతోంది: ఊపిరి రేటు ఇంత, రక్తపోటు ఇంత, ఫలానా మందు పెంచమంటారా అని. అవతల నుంచి "ఊఁ" అన్నట్టున్నారు. పెంచింది. తెల్లవారి డాక్టరు వచ్చి కేసుషీటులో సంతకం చేశారు. అందులో తప్పేమీ లేదు, పద్ధతి అదే. ఆ అమ్మాయి ఎం.యెస్సీ. సీటు వచ్చిందని మాకు లడ్డు పెట్టింది. చదివాక ఏం చేస్తావమ్మా అన్నాను. "ట్యూటర్ పోస్టు, అంకుల్. నైట్ డ్యూటీ ఉండదు" అన్నది. సంతోషించాను. ఆ రాత్రి నిర్ణయం తెలిసిన చేయి ఇక ఐ.సి.యు.లో ఉండదని తరువాత తోచింది.

2016లో భారత నర్సింగు మండలి తెచ్చిన కోర్సు ఈ తిరకాసునే విప్పబోయింది. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్, రెండేళ్ళ పోస్ట్‌గ్రాడ్యుయేట్ రెసిడెన్సీ. బి.యెస్సీ. నర్సింగు చదివి, నమోదై, కనీసం ఏడాది అనుభవం ఉన్నవారికే ప్రవేశం. చదువులో పాఠం అయిదో వంతు, మిగిలిన నాలుగు వంతులూ రోగి దగ్గరే. రోగిని ఆపాదమస్తకం పరీక్షించడం, మందులు శరీరంలో ఏం చేస్తాయో లోతుగా తెలుసుకోవడం, వెంటిలేటరు నడపడం, ముందే వ్రాసిపెట్టిన ఆసుపత్రి నియమావళి ప్రకారం చికిత్స మార్చడం. 2017 జాతీయ ఆరోగ్య విధానమూ నర్స్ ప్రాక్టీషనర్ల వర్గాన్ని నెలకొల్పాలన్నది. కొలరాడోకీ మనకూ తేడా చూడండి. అక్కడ పల్లెలో డాక్టరు లేడని పుట్టిన చదువు మన దగ్గర నగరంలోని ఐ.సి.యు.లో, డాక్టరు పక్కనే మొదలైంది. మనవారు జాగ్రత్తపరులు. కలం మాత్రం కొలరాడోలోలాగా చేతికి ఇవ్వలేదు. నియమావళి హద్దులోనే ఆమె పని.

ఆ హద్దు ఎంత పలుచనో 2020 చూపించింది. మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ రోగి బయటపడగా గాంధీకే తెచ్చారు. ఏప్రిలులో ఆసుపత్రినంతా కోవిడ్‌కే కేటాయించారు. ఆ వార్డులలో బంధువులు లేరు, సందర్శకులు లేరు. గంటల తరబడి ఆ ముసుగు దుస్తులలో రోగి పక్కన నిలిచి ప్రాణవాయువు ఎక్కించి, బోర్లా పడుకోబెట్టి, ఎవరిని ముందుగా పిలవాలో తేల్చుకున్నది నర్సులే. ఆ జూలైలోనే అక్కడి ఔట్‌సోర్సింగు నర్సులు జీతాలకూ ఉద్యోగ భద్రతకూ సమ్మె చేయవలసి వచ్చింది. పైచదువు మాట ఎత్తేముందు ఈ సంగతి మరచిపోరాదు.

నిజంగా పని మారిన చోటు ఒకటి ఉంది, అది పురిటిగది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పులలో 57.7 శాతం కోతలే అని తేలింది. 2019-21లో అది 60.7 అయింది. దేశం మొత్తం మీద 21.5. ప్రైవేటు ఆసుపత్రులలోనైతే మన దగ్గర నూటికి ఎనభై దాటింది. ఈ నేపథ్యంలో 2017లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాదు ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో, యూనిసెఫ్‌తో కలిసి ముప్పైమంది ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీలో పద్ధెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు వెలువరించి నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే వర్గాన్ని దేశమంతటికీ పెట్టింది. ఇది మాస్టర్స్ పట్టా కాదు. అయినా ఇబ్బంది లేని కాన్పును ఆ నర్సు తన బాధ్యతగా నడిపిస్తుంది, ఇబ్బంది కనబడితే వైద్యురాలిని పిలుస్తుంది. నడిపించడమూ పిలవడమూ రెండూ ఆమె నిర్ణయాలే. మంత్రసాని పోయాక ఆమె పీటను చదువుకున్న నర్సుకు వేస్తున్నామన్నమాట.

2023లో 1947 నాటి చట్టాన్ని తీసివేసి జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు. రెండేళ్ళ రెసిడెన్సీ చదివిన నర్సు ఏ మందు వ్రాయవచ్చు, ఎవరి సంతకం కింద, ఆమెకు ఏ హోదా, ఎంత జీతం అన్నవి ఇక ఆ చట్టం కింద వచ్చే నియమాలూ, రాష్ట్రాలు మంజూరు చేసే పోస్టులూ తేల్చాలి. పోస్టు లేని పట్టాను మన పిల్లలు రెండేళ్ళు వెచ్చించి చదవరు. చదివినవారు మా మిత్రుని కుమార్తెలాగా విమానం ఎక్కుతారు. ఆ అమ్మాయికి ప్రస్తుతానికి "వైద్యనర్సు" అని వ్రాసి పంపాను. నాకే నచ్చలేదు. మీలో ఎవరికైనా ఇంతకంటె మంచి మాట తోస్తే చెప్పండి.