కాలువ గట్టు నడకలు

హవాయి ద్వీపవాసులు ఊరేగింపుగా మెల్లగా సాగుటను ఒక మాటతోను, ఉల్లాసమునకై ఊరక తిరుగుటను వేరొక మాటతోను చెప్పుదురని విని విస్మయపడు మనము, పసివాని తప్పటడుగులను, పిల్లల గునగున నడకను, అలిగినవాడు విసవిస పోవుటను, తొందరపడువాని అంగలను, డస్సినవాడు కాళ్ళీడ్చుటను దినదినము పలుకుచునే లెక్కింపము. ఇవి వయస్సుచేతను మనోభావముచేతను కలిగిన నడకలు. పనిచేత కలిగిన నడకలు వేరు. వానిని నేర్పినవి నేలయు నీరును. వాని చరిత్రకు పాలకొల్లు తగిన తావు.

17వ శతాబ్దమున వలందా (డచ్చి) వర్తకులు బట్టల బేరమునకై ఇచట స్థావర మేర్పరచుకొనిరి. ఉభయులకును జరిగిన 1824 సంధిచే ఆ స్థావరము ఇంగ్లీషువారికి దక్కెను. పిదప కాటన్ దొర 1847లో ధవళేశ్వరమున మొదలిడిన ఆనకట్ట 1852 నాటికి ముగియగా, దాని కాలువలు ఇచట సేద్యమునకే కాక రాకపోకలకును ఆధారమయ్యెను. ధాన్యమును కొబ్బరికాయలును పడవ లెక్కినవి.

ఆ దినములలో గాలి యున్నంతవరకు తెరచాప చాలెడిది. గాలి పడిపోగానే మనిషి నడక మొదలయ్యెడిది. గట్టుమీదివాడు త్రాటిని భుజమున వేసికొని, మేను ముందునకు వంచి, కాలివ్రేళ్ళు బురదలో పాతుకొనునట్లు సమముగా అడుగులు వేసెడివాడు. వానకాలమున గట్టు జారెడిది, అడుగు తప్పినచో బరువంతయు వానినే వెనుకకు లాగెడిది. పడవలోనివాని నడక అంతకంటె విచిత్రము: ముక్కుకడ నిలిచి గెడను కాలువ అడుగున గ్రుచ్చి, దాని కొనను భుజమున కానించుకొని, పడవ అంచువెంట చుక్కానివైపు నడచెడివాడు, వాడు నడచినకొలది పడవ ముందునకు పోయెడిది, గట్టునుండి చూచువారికి వాడు మాత్రము ఉన్నచోటనే యున్నట్లు తోచెడిది. కొసకు చేరి, గెడ పెరికి, మరల ముక్కుకడకు వచ్చి మరల మొదలు. ఎన్ని ఆమడలైనను ఇట్లే.

ఈ పడవవారి నడకకు శాస్త్రము లేదు. ఇచటి శివాలయమైన క్షీరారామమున భక్తుని ప్రదక్షిణమునకు విధి కలదు. నాట్యమునకై నందికేశ్వరుని అభినయదర్పణము హంస, మయూర, మృగాది గతులను పదింటిని పేర్కొన్నది. 1917లో కళావిమర్శకుడైన ఆనంద కుమారస్వామితో కలిసి దానిని ఇంగ్లీషున వెలువరించినవాడు మన ఆంధ్రుడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యయే. కాని చెమటోడ్చి నడచినవాని అడుగునకు గ్రంథమెక్కు భాగ్యము కలుగకపోవుట నా మనస్సును కలచుచున్నది.

రోడ్లును లారీలును వచ్చి పడవల రవాణా సన్నగిల్లగా ఆ నడకయు తొలగెను. భాషాశాస్త్రజ్ఞుడు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయపదములను రైతుల నోటినుండియే ఏరినది. అట్లే గెడ పట్టిన కుటుంబముల పెద్దలకడ కూర్చుండి, త్రాటిని భుజము మార్చుకొనుటకు, గెడను పెరుకుటకు, జారు గట్టున కాలు ఊనుటకు వారు వాడిన మాటలను వ్రాసికొనవలసియున్నది.