వలిసెలు పూసిన పెరడు

డిసెంబరు రెండో వారం. అరకు లోయలో ఒక కొండవాలు పల్లె. ఐదున్నర దాటినా తెల్లారిన జాడ లేదు. మంచు పెరట్లోకి దిగి కూర్చుంది. పది అడుగుల దూరంలోని పనసచెట్టు కనబడదు గానీ, దాని ఆకుల మీంచి జారే చుక్కల చప్పుడు వినబడుతోంది. శాలువా ఎంత బిగించినా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పంచలో బోర్లించిన వెదురు గంపలోంచి పుంజు కూసింది. కింది వీధి నుంచి ఇంకొకటి బదులిచ్చింది.

"పొయ్యికాడికి రా బాబూ, ఆడ నిలబడితే బిగుసుకుపోతావు," అంటోంది ఇంటి పెద్దావిడ. పొయ్యి మీద చోడి అంబలి కుతకుతమంటోంది. వేడి సత్తు గ్లాసు రెండు చేతులా పట్టుకుంటే ముందు వేళ్లకు ప్రాణం వస్తుంది, ఆ తరవాతే నాలుకకు రుచి తెలుస్తుంది.

ఆవిడ గంప మాత్రం ఎత్తదు. లోపల కోళ్లు ఎంత గోల పెట్టినా సరే. మంచులో కోడిని వదలడమంటే అడవిపిల్లిని భోజనానికి పిలవడమే. ఎదురింటి గోడ కనబడ్డాకే గంప లేస్తుంది. పెట్టలు ఒక్కొక్కటే బయటికొచ్చి, ఈకలు ఉబ్బించుకుని, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని నిలబడతాయి. పిడికెడు చోళ్లు చల్లగానే రెండో కాలూ నేల మీదికి దిగుతుంది.

కోడలు గంప కింది గడ్డిలో చెయ్యి పెట్టి వెతుకుతోంది. ఒకే ఒక్క గుడ్డు. ఇంకా వెచ్చగా ఉంది. "చలికి పెట్టడం మానేశాయత్తా," అంది. చలి సంగతి అలా ఉంచితే అసలు కారణం వెలుతురు. పగటి పొడవును కోడి కంటితోనే కాదు, పుర్రె గుండా లోపలికి దిగే వెలుగుతో కూడా పసిగడుతుంది. గుడ్డు పెట్టాలా వద్దా అన్నది ఆ లెక్క మీదే నడుస్తుంది. అందుకే ఫారాల్లో బల్బులు వేసి 14 నుంచి 16 గంటల వెలుగు చూపిస్తారు. ఈ లోయలో ఇప్పుడు పగలు పదకొండు గంటలే. అందులో మంచు మింగేది పోగా మిగిలేది ఇంకా తక్కువ. పైగా వానలు వెనకబట్టాక కోళ్లు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కున్నాయి. ఒంట్లో మాంసకృత్తులన్నీ అటే పోయాయి. నాటుకోడికి బల్బు పెట్టి నిద్ర చెడగొట్టే ఆలోచన ఈ ఇంట్లో ఎవరికీ లేదు. నాకు అదే సరైనదనిపిస్తుంది.

వంటింటి మూల, పొయ్యి సెగ తగిలేచోట, ఒక పెట్ట పొదుగుతోంది. గడ్డి కింద గుప్పెడు బూడిద పోశారు, కోడిపేలు చేరకుండా. ఇరవై ఒక్క రోజుల దీక్ష. పొద్దున్నే దింపితే గుడ్లు చల్లారిపోతాయని కోడలు దాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలోనే దింపుతుంది. అదీ కాసేపే. నాలుగు గింజలు, నాలుగు గుక్కల నీళ్లు, దుమ్ములో ఒక పొర్లు, మళ్లీ గుడ్ల మీదికి. ఇప్పుడు దగ్గరికి చెయ్యి పోనివ్వండి చూద్దాం. ముందు గొంతులోంచి ఒక గుర్రు, ఆపైన పొడుపు.

తొమ్మిదవుతుంటే మంచు పైకి లేవడం మొదలైంది. మొదట పనసచెట్టు బయటపడింది. తరవాత కాఫీ మొక్కలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ మానులు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు. ఆ తరవాత ఒక్కసారిగా కింది పొలం. అంతా పసుపు. అటు కొండ మడతల దాకా వలిసెపూలే.

పెరటి చివర తేనెపెట్టెలు వరసగా తూర్పు ముఖంగా ఉన్నాయి, పొద్దుటి ఎండ నేరుగా గుమ్మం మీద పడేలా. బల్లల కాళ్లు నీళ్ల మూకుళ్లలో ఉన్నాయి, చీమలు ఎక్కకుండా. పెట్టె మూతకు చెవి ఆనించండి. సన్నని, తెంపు లేని హోరు. రాత్రంతా ఈగలు పిల్లల గదుల మీద గుంపుకట్టి, రెక్కలు కదపకుండా రెక్కల కండరాలను మాత్రం వణికిస్తూ వేడి పుట్టిస్తూనే ఉన్నాయి. బయట వేళ్లు కొంకర్లు పోయే చలి ఉన్నా, లోపల పిల్లలున్నచోట 33 నుంచి 35 డిగ్రీలు. ఆ వేడికి కాలేది తేనే.

ఇవి పుట్ట తేనెటీగలు. కొండ తేనెటీగ ఆరుబయట ఒకే పెద్ద పట్టు పెడుతుంది. ఇది అలా కాదు, పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, చీకట్లో పక్కపక్కనే కొన్ని పట్లు పెట్టుకుంటుంది. పెట్టెలో కాపురానికి ఒప్పుకోవడం అందుకే. దక్షిణాదిలో 1910లలో న్యూటన్ అనే మిషనరీ దీని ఒడ్డూపొడుగుకు సరిపడా చిన్న పెట్టె చేయించాడు. న్యూటన్ పెట్టె అన్న పేరు నేటికీ ఉంది. 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో ఈ ఈగల పెట్టెలను ఊడ్చిపెట్టింది. అంత దెబ్బ తిన్న జాతి ఇది.

ఎండ గుమ్మాన్ని తాకింది. ఒక ఈగ బయటికొచ్చి మీసాలు తుడుచుకుని మళ్లీ లోపలికి పోయింది. రెండు వచ్చాయి. ఆరు. చూస్తుండగానే కంచె మీదుగా పొలంలోకి గాలిలో ఒక బాట పడిపోయింది. "పెట్టె ముందర కాదు బాబూ, పక్కకి రా. అది దాని దోవ," అంటోంది పెద్దావిడ. కాసేపటికి తిరిగొచ్చే ఈగల వెనక కాళ్లకు పసుపు ముద్దలు. ఆ బరువుకు కొన్ని గుమ్మం తప్పి గడ్డిలో పడి, ఊపిరి తీసుకుని మళ్లీ లేస్తున్నాయి.

వలిసె మొక్క తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టలేదు. పక్క మొక్క పుప్పొడి కావాలి. మోసుకొచ్చేది ఎక్కువగా ఈ ఈగే. అంటే కోతయ్యాక గానుగకు వెళ్లే వలిసెల బరువులో కూడా ఈ పెట్టెల వాటా ఉంది. ఈ లెక్క తెలియక పూత మీద పొద్దున్నే మందు కొట్టే రైతులు మైదానంలో ఇంకా ఉన్నారు.

చలికాలమంటే తేనెటీగకు పస్తులేనని చలిదేశాల పుస్తకాలు చదివినవాళ్లు అనుకుంటారు. ఇక్కడ దానికి కరువు వానాకాలంలో. జల్లు విడవదు, పూత ఉండదు, అప్పుడే పంచదార పాకం పెట్టి కాపాడుకోవాలి. డిసెంబరులో వాటికి పండగ. ఒకే పెరట్లో కోళ్లకు సెలవు, ఈగలకు ఓవర్‌టైమ్.

రాత్రి చచ్చిన ఈగలను తోటి ఈగలే బయటికి ఈడ్చి పారేస్తాయి. పెట్టెల కింద కోళ్లు చేరేది వాటి కోసమే. పెద్దావిడ పాత పట్టు ముక్కలోంచి మైనపు పురుగులను పుల్లతో తీసి విసురుతుంటే పెట్టలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బతికున్న ఈగ జోలికి మాత్రం పోవు. ఒక కుర్రపుంజు పోయింది. ముక్కు నేలకేసి రుద్దుకుంటూ గడ్డివాము వెనక్కి పరిగెత్తింది. ఇటు ముంగిట్లో ఆరబోసిన ఎర్రటి కాఫీ పళ్ల దగ్గర కోడలికీ కోళ్లకీ యుద్ధం. "హుష్!" అని కర్ర విసిరితే నాలుగు అడుగులు వెనక్కి, ఆవిడ తల తిప్పితే ఐదు అడుగులు ముందుకి.

పదకొండు దాటాక కిరండూల్ రైలు దిగినవాళ్లు ఆటోల్లో వస్తారు. పూలలో ఫొటోలు, రోడ్డు పక్క బొంగు చికెన్. వెదురు బొంగు ఇక్కడిదే, నిప్పులూ ఇక్కడివే. లోపలి కోడి మాత్రం చాలాసార్లు మైదానం నుంచి లారీలో ఎక్కి వచ్చిన బ్రాయిలరే. ఈ పెరటి పుంజుల మీద కన్ను వేరేవాళ్లది. సంక్రాంతి ముందు బేరగాళ్లు సంతకొచ్చి రెక్క విప్పి, కాలు పట్టి, కళ్లలోకి చూసి ధర చెబుతారు.

రెండింటికి ఎండ బాగా కాసింది. తేనె తీయడానికి ఇదే అదను. పొగడబ్బాలో గోనెగుడ్డ ముక్క రాజేసి గుమ్మం దగ్గర రెండు దమ్ములు పట్టించింది పెద్దావిడ. చేతికి తొడుగు లేదు, తొందరా లేదు. కింది అరలో పిల్లలుంటాయి, దాని జోలికి పోదు. పై అరలోంచి చట్రం ఎత్తి ఎండకు పట్టింది. ముప్పాతిక గదులకు మైనపు మూత పడితేనే బయటికి, లేకపోతే వెనక్కి. మూత పడని తేనెలో నీళ్లెక్కువ, పులుస్తుంది. కత్తితో మూతలు చెక్కి, చట్రాలను డ్రమ్ములో పెట్టి చేత్తో తిప్పితే తేనె గోడలకు చిమ్మి అడుగుకు జారుతుంది. ఖాళీ పట్టు చెక్కుచెదరకుండా మళ్లీ ఈగలకే. వేలు ముంచి నాకండి. పువ్వు వాసన ముందొచ్చి, తీపి తరవాత వస్తుంది.

ఈ తేనె సీసా కొనుక్కెళితే కొన్నాళ్లకు అడుగున గడ్డకట్టవచ్చు. పంచదార కలిపారని తిట్టుకోకండి. గ్లూకోజు ఎక్కువున్న తేనె చలికి పేరుకుంటుంది, అది కల్తీకి గుర్తు కాదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే కరుగుతుంది, పొయ్యి మీద మాత్రం పెట్టకండి. పూలలో ఫొటో దిగాలంటే రైతు అడిగిన నాలుగు డబ్బులు ఇచ్చి గట్టు మీంచే దిగండి. తొక్కిన ప్రతి మొక్కా గానుగకు పోవాల్సినదే.