అందరి పట్టణం: ప్రణాళికా వృత్తుల పూర్వాపరాలు

1955 జనవరిలో ఆవడి పేరు దేశమంతటా మారుమ్రోగింది. యు.ఎన్. ఢేబర్ అధ్యక్షతన ఇచ్చట జరిగిన కాంగ్రెస్ మహాసభ, దేశ ప్రణాళికలకు సామ్యవాద తరహా సమాజ స్థాపనే లక్ష్యం కావాలని తీర్మానించింది. తీర్మానం సభలో పుట్టవచ్చును గాని అది ఫలించవలసినది వీధిలోనే. మంచినీటి కుళాయి ఏ వీధికి ముందు వస్తుంది? మురుగు కాలువ ఎవరి గుమ్మం ముందు ఆగిపోతుంది? కాళ్లు చచ్చుబడిన బాలుడు బడి మెట్లు ఎలా ఎక్కుతాడు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకే వృత్తులే నగర ప్రణాళిక, సమాజాభివృద్ధి.

ఈ వృత్తుల చరిత్ర రెండు పాయలుగా ప్రవహించింది. మొదటిది పటాల పాయ. 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తగా, 1912లో అక్కడ నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. చెన్నపట్టణ రాజధానిలో 1920లో పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. రోడ్ల వెడల్పు, స్థలాల విభజన, కట్టడాల నియమాలు ఈ పాయకు ప్రధానాంశాలు.

రెండవది మనుషుల పాయ. రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయి బాల్యవివాహపు సంకెళ్లను తెంచుకొని, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, అటుపిమ్మట న్యాయశాస్త్రం చదివారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. చదువు మధ్యలో ఆగిన స్త్రీలను బెనారసు మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరచడం దాని తొలినాటి కార్యాలలో ఒకటి. రాజ్యాంగ సభలోను, ప్రణాళికా సంఘంలోను ఆమె సభ్యురాలు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. సేవకు దయాగుణంతోపాటు శిక్షణ, సంస్థ, నిధులు కూడా కావాలని ఆమె జీవితం నిరూపించింది.

1952 అక్టోబరు 2న గ్రామాలలో ఆరంభమైన సమాజ వికాస పథకం తరువాత నగరాలకూ పాకింది. 1958లో ఢిల్లీలో, 1967లో హైదరాబాదులో పట్టణ సమాజాభివృద్ధి ప్రయత్నాలు మొదలయ్యాయి. హైదరాబాదులో కార్యకర్తలు మురికివాడలలో తిరిగి, అక్కడివారి అవసరాలను వారి నోటనే విన్నారు. బాలవాడీలు, కుట్టు శిక్షణ కేంద్రాలు వెలిశాయి. కాలక్రమంలో ఇంటి స్థలాల పట్టాలు, బ్యాంకు రుణాలతో పేదలు తమ ఇళ్లు తామే కట్టుకునే ప్రయత్నాలూ సాగాయి. రెండు పాయలు అక్కడ కలిశాయనవచ్చును.

చట్టాలు కూడా ఈ దారినే నడిచాయి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు బలమిచ్చి, మహిళలకు మూడవ వంతుకు తక్కువ కాకుండా స్థానాలు కేటాయించింది. 2014లో వీధి వర్తకుల రక్షణకు, 2016లో వికలాంగుల హక్కులకు చట్టాలు వచ్చాయి. తమిళనాడులో 1970లో ఏర్పడిన మురికివాడల నిర్మూలన మండలి 2021లో నగర ఆవాసాభివృద్ధి మండలిగా పేరు మార్చుకున్నది. నిర్మూలన పోయి ఆవాసం వచ్చింది. పేరులోని ఆ మార్పు పనిలో కనబడేలా చూడవలసినది రాబోయే తరమే.

ఆ తరానికి దారులు తెరిచే ఉన్నాయి. ప్లస్ టూలో గణితం చదివినవారు ప్రణాళికాశాస్త్ర పట్టాకు ప్రయత్నించవచ్చును. ఢిల్లీలోను, 2008లో ఏర్పడిన విజయవాడలోను ఉన్న ప్రణాళిక, వాస్తుశిల్ప విద్యాలయాలు అందుకు ప్రసిద్ధమైనవి. భూగోళం, అర్థశాస్త్రం, సామాజికశాస్త్రం చదివిన పట్టభద్రులకు స్నాతకోత్తర స్థాయిలో ప్రవేశముంటుంది. సంఘసేవలో శిక్షణకు 1952లో నెలకొన్న మద్రాసు స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ చేరువలోనే ఉన్నది. పురపాలక ప్రణాళికా విభాగాలు, గృహనిర్మాణ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు వీరికి కార్యక్షేత్రాలు.

యుద్ధట్యాంకుల కర్మాగారంతో ఎదిగిన ఆవడి 2019లో నగరపాలక సంస్థ అయినది. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగిన ఇక్కడి బిడ్డకు ఒక అరుదైన అర్హత ఉన్నది: ఒకరి మాట మరొకరికి తెలియజెప్పగల నేర్పు. గీత గీయడం కళాశాల నేర్పుతుంది. ఎవరి ఇంటి మీదుగా ఆ గీత పోతున్నదో ఆగి అడగడం మాత్రం బడిలోనే అలవడాలి. ప్లాటినం జూబ్లీ జరుపుకొంటున్న తెలుగు బడి తన విద్యార్థులకు ఇవ్వదగిన ఆస్తి అదియే.