రశీదు ఉన్న చెయ్యి, జోలె పట్టిన చెయ్యి

తహశీల్ అంటే వసూలు. తహశీల్దారంటే వసూలు చేసేవాడు. రామదాసని లోకం పిలుచుకునే కంచర్ల గోపన్న గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు ఆ పనిమీదే వచ్చాడు. భద్రాచలం గుడికి పెట్టిన పైకం సర్కారు శిస్తా, ఊరూరా జనమిచ్చిన చందానా? జనం చెప్పుకునే కథలో రెండూ కలిసే ఉంటాయి. ఆయన ఖైదుకు మూలం ఆ లెక్కల తగాదానే. దాన్ని తురకరాజు, హిందూ భక్తుడి కథగా మార్చినవాళ్లకు లెక్కల సంగతి అక్కర్లేదు. తానీషా మంత్రులు అక్కన్న మాదన్నలన్నదీ, రాములోరి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా పేరుమీదే ఉందన్నదీ, నిజాములూ దాన్ని సాగించారన్నదీ వాళ్లెందుకు గుర్తుపెట్టుకుంటారు?

చందా, వసూలు, రశీదు, జమ, ఖర్చు. అన్నీ ఫార్సీ, అరబ్బీల నుంచి మన నోటికొచ్చిన మాటలే. వినాయకుడి పందిరికైనా మస్జిదు మినారుకైనా ఇవే వాడతాం. వీటిని ఎవరూ వెనక్కి పంపలేదు. ఇదే దారిన వచ్చిన ఇంకో మాట ఫకీరు. ఆ పేరున్నవాడు మాత్రం చట్టం కళ్లకు నేరస్తుడయ్యాడు.

ఎట్లాగయ్యాడో గోదావరి ఒడ్డున బాగా కనిపిస్తుంది. 1860లో భద్రాచలం తాలూకా నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్లకు పోయింది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాకు చేరింది. ఇవతలి ఒడ్డున బూర్గంపాడు నిజాందే. నిజాం సర్కారు 1350 ఫస్లీలో (1940-41) భిక్షాటన నిరోధానికి చట్టం చేస్తే, మద్రాసు 1945లో తనదీ చేసింది. ఏటికి అటూ ఇటూ దొరలు వేరు, అడుక్కునేవాడి మీద చూపు ఒకటే. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాకొచ్చింది. 1977లో ఆంధ్రప్రదేశ్ భిక్షాటన నిరోధక చట్టం వచ్చింది. 2014లో పోలవరం కోసం చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రకు పోయి, పట్టణం తెలంగాణలో మిగిలింది. గుడి దగ్గర జోలె పట్టుకుని ఎటపాకకు నడిస్తే రాష్ట్రం మారుతుంది. రెండుచోట్లా వారసత్వంగా వచ్చింది ఆ 1977 చట్టమే.

బ్రిటన్ 1939లో ఇంటింటి వసూళ్లకే ఒక చట్టం చేసుకుంది. లైసెన్సు తీసుకో, బిళ్ల పెట్టుకో, లెక్క అప్పజెప్పు అంది. అంటే అడగొచ్చు, అడిగే పద్ధతి ఇదీ అని. అట్లాంటి కేంద్ర చట్టం మనకు రాలేదు. వచ్చింది అడిగేవాణ్ణి పట్టుకునే చట్టం. తర్వాత ఢిల్లీకీ వర్తింపజేసిన 1959 నాటి బొంబాయి చట్టం చూడండి. దానం కోసం ఒకరి ఇంటి ఆవరణలోకి పోతే భిక్షాటన. పాట, ఆట, జోస్యం సాకుతో అడిగినా భిక్షాటనే. చట్టమో, అధికారో ఒప్పుకున్న పనికి అడిగితే మాత్రం కాదు. గడప అదే, చాచే చెయ్యి అదే, తేడా కాగితం దగ్గరే.

రంజాన్‌లో మదర్సా తరఫున వచ్చే సఫీర్ చేతిలో రశీదు బుక్కు ఉంటుంది, దానిమీద రిజిస్ట్రేషను నెంబరూ ఉంటుంది. జుమేరాత్ నాడు నెమలీకల కట్టతో, సాంబ్రాణి పొగతో దుకాణం ముందు నిలబడే ఫకీరుకు ఏ నెంబరుంది? జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ తొమ్మిదో సూరా ఎనిమిది పద్దులు చెప్పింది. వసూలు చేసేవాళ్లది మూడోది. మొదటిది ఫకీర్లది. అక్కడ ఫకీరంటే పేదవాడు, మన దగ్గర అది కులం పేరయింది. చట్టాన్నే అనడమెందుకు, మనవాళ్లకూ ఫకీరంటే చిన్నచూపే. పెళ్లి సంబంధం కలుపుకోమని అడిగి చూడండి, తెలుస్తుంది.

2007లో ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషను ఇచ్చిన చట్టంలో ఫకీర్, గంట ఫకీర్లు, తురక బుడబుడకి, బోరేవాలే, డేరా ఫకీర్లు అని పేర్లున్నాయి. ఇల్లిల్లూ తిరిగి అడగడమే తాతలనాటి బతుకుతెరువైనవాళ్లు వెనుకబడ్డారని ఒక చట్టం ఒప్పుకుంటే, 1977 చట్టం ఆ అడగడాన్నే తప్పుపడుతుంది. మన పక్కనే ఉన్న దాసరికీ, జంగానికీ ఇదే చిక్కు.

2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వస్తోందని హైదరాబాదు పోలీసులు రెండు నెలలు అడుక్కోవడాన్ని నిషేధించారు. మరుసటేడు ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, అడుక్కోవడాన్ని నేరంగా చూసే బొంబాయి చట్టం సెక్షన్లు చెల్లవంది. ఆ తీర్పు ఢిల్లీ వరకే. గోదావరి దాకా రాలేదు.