నమాజులో మనము ఏమి పలుకుతున్నాము?

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక! అమ్మాబాద్.

మాన్య సోదరులారా! ఈ "అమ్మాబాద్" అన్న మాటను ప్రతి శుక్రవారం మింబరు మీదనుండి మీరు వింటున్నారు. "ఇక చెప్పదలచిన విషయమేమంటే" అని మాత్రమే దాని భావం. అదొక దువా అని ఇన్నేండ్లూ తలచి, మనసులో ఆమీన్ పలుకుతున్నానని ఒక పెద్దాయన మాతో చెప్పారు. ఆయన నలభై ఏండ్లుగా జమాఅత్ తప్పని నమాజీ. దోషం ఆయనది కాదు. చెప్పవలసిన మేము చెప్పలేదు. అందుచేతనే నమాజులోని పలుకులను ఉమ్మత్ అర్థం చేసుకొంటూ వచ్చిన చరిత్రను ఈ వారం మీ ముందుంచుతున్నాము.

మదీనాలో మద్యపానం అంచెలంచెలుగా నిషేధింపబడినదని మనకు తెలుసు. సూరా అన్నిసాలోని 43వ ఆయతు ఆ అంచెలలో ఒకటి. మత్తులో ఉన్నవారు నమాజు దరికి పోరాదన్న ఆ ఆజ్ఞలోనే దానికి హద్దు కూడా ఉన్నది: తాము పలికేది తమకు తెలియవలెను. మత్తు ఏమీ లేకుండానే, పలికేది తెలియక నిలబడుతున్న మన సంగతి ఏమిటి? అర్థం తెలియనివారి నమాజు చెల్లదని మేము అనడం లేదు. అర్థజ్ఞానం నమాజుకు షరతు కాదు. కాని చెల్లుబాటు వేరు, మనసు హాజరు కావడం వేరు.

అరబ్బీ మాతృభాషగా గల సహాబాలకు సైతం ఈ పాఠం అవసరమైనది. తొలి రోజులలో వారు నమాజులో కూర్చుని అల్లాహ్‌కు సలామ్, జిబ్రీల్‌కు సలామ్ అని పలికేవారు. దైవప్రవక్త (స) వారిని సరిదిద్దారు: అస్సలామ్ అన్నది అల్లాహ్ నామమే, శాంతికి మూలమైనవానికి మనము శాంతి కోరడమేమిటి? పిదప అత్తహియ్యాత్ నేర్పారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) అరచేతిని తమ రెండు అరచేతుల నడుమ ఉంచుకొని, ఖుర్ఆన్ సూరాను నేర్పినట్లే దానిని నేర్పారని సహీహ్ బుఖారీలో ఉన్నది. అందులో సజ్జనులైన దాసులందరికీ సలామ్ పలికితే, అది భూమ్యాకాశాలలోని ప్రతి సజ్జన దాసునికీ చేరుతుందని కూడా తెలిపారు. అనగా మాటతోపాటు భావమును కూడా చేతికి అందించారు.

ఇస్లాం అరేబియా దాటి పారశీక దేశం చేరినప్పుడు కొత్త ప్రశ్న పుట్టింది: అరబ్బీ రానివారు ఏమి చేయాలి? కూఫా నగరపు ఇమాం అబూ హనీఫా (రహ్) నమాజులో పారసీ పఠనమును అనుమతించారు. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ మాత్రం అది అరబ్బీ పలకలేని వారికే పరిమితమన్నారు. ఇమాం గారు కూడా తుదకు శిష్యుల అభిప్రాయానికే మరలారని హనఫీ గ్రంథాలు తెలుపుతున్నాయి. కాబట్టి పఠనం అరబ్బీలోనే నిలిచింది. అయినా పారసీ తన ముద్ర వేయకపోలేదు. మనము రోజూ పలికే "నమాజు" అన్న పేరు పారసీ పదమే. ఖుర్ఆన్ పలికిన పేరు "సలాత్". "రోజా" కూడా పారసీయే. దాని అరబ్బీ పేరు "సౌమ్".

మన దేశంలో 18వ శతాబ్దిలో ఢిల్లీ విద్వాంసులు షాహ్ వలీయుల్లాహ్ (రహ్) ఖుర్ఆన్‌ను పారసీలోకి అనువదించారు. వారి కుమారులు షాహ్ అబ్దుల్ ఖాదిర్ 1790 ప్రాంతంలో ఉర్దూ అనువాదం పూర్తిచేశారు. మరి తెలుగు? చిలుకూరి నారాయణరావు పండితుల తెలుగు ఖుర్ఆన్ 1925లో వెలువడింది. ఆయన ముస్లిం కారు. మన ఇంటి బాధ్యతను పొరుగింటి పండితుడు తలకెత్తుకొన్నారని కృతజ్ఞతతోను, కొంత సిగ్గుతోను చెప్పుకోవాలి. నూర్‌బాషా సోదరుల ఇండ్లలోను, ఎన్నో పల్లెలలోను మాతృభాష తెలుగే. అక్కడి పిల్లలకు అరబ్బీ పలుకు అర్థాన్ని ఉర్దూలో చెప్పి పంపితే, ఒక తాళం తీయడానికి మరొక తాళం ఇచ్చినట్లే కదా!

అయితే నమాజునే తెలుగులో చదువవచ్చు గదా అని యువకులు అడుగుతున్నారు. తుర్కీ చరిత్రను చూడండి. అక్కడి ప్రభుత్వం 1932లో అజాన్‌ను తుర్కీ భాషలోకి మార్పించింది. 1950 జూన్‌లో చట్టం సడలగానే అరబ్బీ అజాన్ తిరిగి వినవచ్చింది. భాష మార్చితే ఉమ్మత్‌ను కలిపే ఏక స్వరం తెగుతుంది. అర్థం వదలితే హృదయాన్ని కలిపే తీగ తెగుతుంది. రెండూ నిలవాలి. నాలుకపై అరబ్బీ ఉండాలి, మనసులో తెలుగు భావం ఉండాలి.

"అల్లాహు అక్బర్" అనగా అల్లాహ్ మిక్కిలి గొప్పవాడు. దేనికన్నా అని ఆ వాక్యంలో చెప్పలేదు. ఆ క్షణాన మీ మనసును పట్టిన వ్యాపారం, అప్పు, భయం అన్నింటికన్నా అని గ్రహించండి. రుకూలో "సుబ్‌హాన రబ్బియల్ అజీమ్" అనగా మహోన్నతుడైన నా ప్రభువు పరమ పవిత్రుడు. లేచేటప్పుడు "సమిఅల్లాహు లిమన్ హమిదహ్" అనగా తనను స్తుతించినవాని మాట అల్లాహ్ విన్నాడు. నుదురు నేలకు ఆనిన సజ్దాలో "సుబ్‌హాన రబ్బియల్ ఆలా" అంటాము: అందరికన్నా పైనున్న నా ప్రభువు పరమ పవిత్రుడు. మన శరీరం అట్టడుగున ఉన్నప్పుడే ఆయన ఔన్నత్యాన్ని చాటుతున్నాము.

దాసుడు ఫాతిహా చదువుతుండగా అల్లాహ్ ఒక్కొక్క ఆయతుకూ బదులిస్తాడని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతున్నది. తానేమి అడిగాడో తెలియనివాడు, ఆ బదులు కోసం ఎలా ఎదురుచూస్తాడు?

సోదరులారా! వారానికి ఒక్క పలుకు చొప్పున నేర్చుకోండి. ఇంటికి వెళ్ళి తల్లికి, భార్యకు, బిడ్డలకు తెలుగులో చెప్పండి. తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి. చెప్పడానికి మేము ఆలస్యం చేయము. మనము పలికేది మనకు తెలిసేలా, తెలిసినది మన నడవడిలో కనబడేలా అల్లాహ్ అనుగ్రహించుగాక! ఆమీన్.